కిండర్‌గార్టెన్ మొదటి వారం చదివి వినిపించే పుస్తకాలు: నా క్లాసులో నిలిచినవి, నేను పక్కన పెట్టినవి

బడి తెరవడానికి వారం ముందు నుంచి అందరూ నన్ను అడిగేది ఒకటే, మొదటి రోజు పిల్లలకి ఏ పుస్తకం చదువుతారు అని. కొత్తగా చేరిన టీచర్లు అడుగుతారు, అమ్మానాన్నలు అడుగుతారు, ఒక్కోసారి పై క్లాసుల టీచర్లు కూడా అడుగుతారు. విడివిడిగా చెప్పీ చెప్పీ ఈసారి కూర్చుని రాసేస్తున్నాను. నేను కిండర్‌గార్టెన్ టీచర్ని. ఇక్కడ చెప్పే పుస్తకాలన్నీ పాతికమంది ఐదేళ్ళ పిల్లల ముందు కూర్చుని గట్టిగా చదివినవి, చదివి చూశాకే మంచీ చెడూ చెబుతున్నాను. ఇంట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక్క పిల్లకి చదివితే ఎంతో బాగుండే పుస్తకం పాతికమంది ముందు చప్పగా తేలిపోవచ్చు, ఇందులో ఏముందిలే అనిపించిన పుస్తకమే క్లాసులో మోత మోగించవచ్చు. ఈ తేడా తెలియడానికి నాకు రెండు మూడేళ్ళు పట్టింది.

మొదటి ఏడాది నేను చేసిన పని చెబుతాను. మొదటి రోజు కదా, అమ్మని వదిలి వచ్చారు కదా, ఆ బాధ గురించే మాట్లాడాలి అనుకుని, తల్లిని విడిచి బడికి వెళ్ళే ఒక బుజ్జి జంతువు కథ తీసుకున్నాను. మంచి పుస్తకమే, బొమ్మలు కూడా ముద్దుగా ఉంటాయి. అప్పటికి పొద్దుటి ఏడుపులన్నీ సద్దుమణిగి పావుగంట అయిందేమో. కథలో తల్లి వీడ్కోలు చెప్పే బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో ఒక బాబుకి కింది పెదవి వణకడం మొదలైంది, వాడు ఏడవగానే పక్కనున్న పాప, ఆ పాపని చూసి వెనక ఇద్దరు, ఇంకో నిమిషంలో సగం క్లాసు. పుస్తకం మూసేసి వీపులు నిమురుతూ అరగంట కూర్చున్నాను. ఏడుపు తప్పని నేను అనను, ఏడిస్తే పిల్లలు తేలికపడతారు. కానీ ఆ రోజు వాళ్ళకి నేనెవరో తెలియదు, ఓదారుస్తున్న మనిషి మీద ఇంకా నమ్మకం కుదరలేదు, ఇప్పుడిప్పుడే అమ్మని కాస్త మరిచిన పిల్లలకి నేనే పనిగట్టుకుని గుర్తు చేశాను.

ఆ తర్వాత నుంచి మొదటి రోజు పుస్తకం చేతిలోకి తీసుకుంటే నేను చూసేది ఒక్కటే, మూడో పేజీకల్లా పిల్లలు నాతో గొంతు కలపగలరా లేదా. బడి గురించి ఉందా, భయం గురించి ఉందా, మంచి నేర్పుతుందా అన్నవి తర్వాత. కొత్త గదిలో, కొత్త ముఖాల మధ్య మాట పెగలని పిల్ల కూడా అందరూ కలిసి ఒక మాట అంటుంటే తనూ అంటుంది, ఒక్కసారి గొంతు బయటికి వచ్చిందంటే ఆ గది ఇక పరాయిది కాదు.

ఈ లెక్కన మొదటి రోజుకి నేను ఇన్నేళ్ళుగా మార్చని పుస్తకం 'బ్రౌన్ బేర్, బ్రౌన్ బేర్, వాట్ డూ యు సీ?'. బిల్ మార్టిన్ జూనియర్ రాశారు, ఎరిక్ కార్ల్ బొమ్మలు వేశారు, 1967లో వచ్చింది. ఇందులో కథంటూ లేదు. ఒక జంతువుని నీకేం కనిపిస్తోంది అని అడగడం, అది ఇంకో జంతువు పేరు చెప్పడం, పేజీ తిప్పితే ఆ రెండో జంతువు, దాన్నీ అదే ప్రశ్న. అంతే, చివరిదాకా అదే వరస. పెద్దవాళ్ళకి నాలుగో పేజీకి విసుగొస్తుంది, సరిగ్గా అక్కడే పిల్లలకి పట్టు దొరుకుతుంది, ఎందుకంటే తర్వాత ఏమనాలో వాళ్ళకి తెలిసిపోయింది. మొదటి రెండు పేజీలు నేను ఒక్కదాన్నే చదువుతాను, మూడో పేజీలో ప్రశ్న మొదలుపెట్టి ఆగుతాను, ఎవరో ఒకరు అందుకుంటారు, ఐదో జంతువు వచ్చేసరికి నేను పేజీలు తిప్పుతుంటే చాలు. భాష సరిగా రాని పిల్లలు కూడా రంగు చూసి, జంతువుని చూసి ఏదో ఒకటి అనేస్తారు. నా దగ్గరున్న ఎడిషన్‌లో చివరికి ఒక టీచర్, ఆమె తర్వాత పిల్లలు వస్తారు, అంటే బడి మాట ఎత్తకుండా మొదలుపెట్టిన పుస్తకం మనల్ని క్లాసులోకే తెచ్చి దింపుతుంది. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. అన్ని ఎడిషన్లలో చివరి భాగం ఒకేలా ఉండదు, కొనే ముందు ఆఖరి పేజీలు తిప్పి చూసుకోండి.

బొమ్మల గురించి ఒక మాట చెప్పాలి. ఎరిక్ కార్ల్ అంతకు ముందు ప్రకటనలకి బొమ్మలు వేసేవారు, ఒక ప్రకటనలో ఆయన వేసిన ఎర్ర లాబ్‌స్టర్ బొమ్మ చూసి బిల్ మార్టిన్ ఆయన్ని వెతికి పట్టుకుని ఈ పుస్తకానికి అడిగారట. ప్రకటన బొమ్మ దూరం నుంచి కూడా కంటపడాలి కదా, ఆ గుణం ఈ పేజీల్లో ఉంది. రంగు వేసిన పల్చటి కాగితాలు కత్తిరించి అంటించిన ఒక్క పెద్ద జంతువు, వెనక తెల్ల కాగితం. కార్పెట్ మీద ఆఖరి వరసలో గోడకి ఆనుకుని కూర్చున్న పిల్లకి కూడా అది గుర్రమో కప్పో తెలిసిపోతుంది.

పుస్తకం ఎంచుకునేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఇదే. షాపులో పుస్తకాన్ని కంటికి జానెడు దూరంలో పెట్టుకుని చూస్తాం, సన్నటి గీతలు, మూలల్లో దాగిన చిన్న చిన్న వివరాలు చూసి ముచ్చటపడి కొంటాం. క్లాసులో పిల్లకి ఆ పుస్తకం ఏడెనిమిది అడుగుల దూరంలో ఉంటుంది. అందుకే నేను కొనే ముందు పుస్తకాన్ని ఒక కుర్చీ మీద నిలబెట్టి గదిలో అవతలి గోడ దాకా వెళ్ళి చూస్తాను. అక్కడి నుంచి ఎవరు ఏం చేస్తున్నారో తెలియకపోతే అది ఇద్దరు ముగ్గురు పిల్లలతో కూర్చుని చదివే పుస్తకం, మొదటి వారానికి కాదు. రెండు పేజీల మీదుగా పరిచిన బొమ్మలో ముఖ్యమైన ముఖం సరిగ్గా మధ్య మడతలో పడి నలిగిపోయే పుస్తకాలు కూడా ఉంటాయి, అవీ చూసుకోవాలి. బిగ్ బుక్ అని పెద్ద సైజులో వేసేవి దొరికితే తీసుకోండి. న్యూజీలాండ్‌లో డాన్ హోల్డవే అనే విద్యావేత్త, ఆయనతో పనిచేసిన టీచర్లు 1970లలో ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చారు, పడుకునే ముందు ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని చూసే పుస్తకం లాంటి అనుభవం క్లాసు మొత్తానికి దొరకాలని. పట్టుకోవడం కష్టం, స్టాండు ఉంటే మంచిది, చేతిలో పట్టుకుని చదివితే మీ ముఖమే పిల్లలకి కనిపించదు. మొదటి వారం మీ ముఖం కనిపించడం చాలా ముఖ్యం.

రెండో రోజు 'ది వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్', ఇదీ ఎరిక్ కార్ల్‌దే, 1969. అందరికీ తెలిసిన పుస్తకమే, అందుకే చాలామంది వద్దనుకుంటారు, పిల్లలకి ముందే తెలుసులే అని. నాకు అదే కావాలి. ఇంట్లో చూసిన పుస్తకం బడిలో కనిపిస్తే పిల్ల ముఖం ఎలా వెలుగుతుందో చూడాల్సిందే, మా ఇంట్లో ఇది ఉంది టీచర్ అని మొదటిసారి తనంతట తానుగా నోరు విప్పి చెప్పే మాట అదే అవుతుంది చాలామందికి. సోమవారం నుంచి ఆదివారం దాకా వారం నడుస్తుంది కాబట్టి బడి వారం ఎలా సాగుతుందో చెప్పడానికీ పనికొస్తుంది, ఒకటి నుంచి ఐదు దాకా లెక్క కూడా వస్తుంది. లోపం ఏంటంటే, దీని అందమంతా పేజీల్లో పొడిచిన రంధ్రాల్లో ఉంది, వేలు పెట్టి చూడకపోతే సగం ఆనందం పోయినట్టే. (ఆ రంధ్రాలు, ఒకదానికంటే ఒకటి వెడల్పుగా పెరిగే పేజీలు ఖర్చు తట్టుకుని వేయగల ప్రెస్ అమెరికాలో దొరక్క మొదట జపాన్‌లో అచ్చు వేయించారు.) పాతికమందిలో ముందు నలుగురికే వేలు పెట్టే వీలుంటుంది, మిగతావాళ్ళు తోసుకుంటారు. నేను చదవడం అయ్యాక నలుగురేసి పిల్లల్ని పిలిచి పుస్తకం వాళ్ళ చేతికి ఇస్తాను. ఓపిక కావాలి, కానీ తప్పించకూడదు. ఇలా చేతుల్లో పడేదాన్ని గట్టి అట్ట పేజీల ఎడిషన్‌లో తీసుకుంటే ఏడాదంతా ఉంటుంది, పల్చటిది నెల కూడా ఆగలేదు నా దగ్గర.

అమ్మ గురించిన కథ అసలు చదవకూడదా అంటే, చదవాలి, మూడో రోజో నాలుగో రోజో. అప్పటికి ప్రతి మధ్యాహ్నం అమ్మో నాన్నో వచ్చి తీసుకెళ్ళడం పిల్లలు రెండు మూడుసార్లు కళ్ళారా చూసి ఉంటారు, పుస్తకం చెప్పేది వాళ్ళ అనుభవంలోకి వచ్చేసింది. దీనికి నాకు దొరికిన వాటిలో అన్నిటికంటే మంచిది 'ఔల్ బేబీస్', మార్టిన్ వాడెల్ రాసింది, ప్యాట్రిక్ బెన్సన్ బొమ్మలు, 1992. చెట్టు తొర్రలో మూడు గుడ్లగూబ పిల్లలు నిద్ర లేచేసరికి తల్లి ఉండదు. పెద్దది ధైర్యం చెబుతుంది, మధ్యది దానికి వంత పాడుతుంది, అన్నిటికంటే చిన్నవాడు బిల్ మాత్రం ఏం అడిగినా ఒకటే మాట, అమ్మ కావాలి అని. ఆ మాట వచ్చిన ప్రతిసారీ క్లాసంతా అంటుంది, పొద్దున నిజంగానే ఆ మాట అని ఏడ్చిన పిల్లే ఇప్పుడు నవ్వుతూ గట్టిగా అంటుంది. ఈ పుస్తకం మీద నాకున్న గౌరవమంతా ఇక్కడే ఉంది. ఏడవకు, పెద్దయ్యావు కదా, ధైర్యంగా ఉండు అని ఎక్కడా ఉపదేశం చేయదు, బిల్ భయపడ్డాడు, భయపడనిచ్చింది, తల్లి తిరిగొచ్చింది. చిమ్మచీకటి పేజీల మీద తెల్లటి పిల్లలు, వెనక వరసకి కూడా చక్కగా కనిపిస్తాయి. తల్లి రెక్కలు చాచి వచ్చే పేజీ తిప్పే ముందు నేను కాస్త ఆగుతాను, ఆ నిశ్శబ్దంలో ఒక్క పిల్ల కూడా కదలదు. ఒక జాగ్రత్త చెప్పాలి. తల్లి నిజంగానే దూరమైన పిల్లలు, ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలు క్లాసులో ఉండొచ్చు. అడ్మిషన్ కాగితాలు ముందే చదువుకోండి, అలాంటి పిల్ల ఉంటే ఈ పుస్తకం ఆ వారం వద్దు.

పేర్ల వారం కాబట్టి పేరు మీద పుస్తకం చదవాలని ప్రతి జాబితాలోనూ ఉంటుంది, అందులో ముందుండేది కెవిన్ హెంక్స్ 1991లో చేసిన 'క్రిసాంథమమ్'. క్రిసాంథమమ్ (చామంతి) అన్న తన పేరంటే ఎంతో ఇష్టపడే ఒక ఎలుక పిల్ల బడికి వెళ్తే అక్కడ పిల్లలు ఆ పేరుని ఎగతాళి చేస్తారు, చివరికి అందరికీ నచ్చిన సంగీతం టీచరమ్మ వల్ల అంతా చక్కబడుతుంది. చాలా మంచి కథ, రాత కూడా ఎంతో నేర్పుగా ఉంటుంది. నేను మాత్రం మొదటి వారం చదవను. ఒకటి, పొడవు, ఐదేళ్ళవాళ్ళు కొత్తలో ఏడెనిమిది నిమిషాలకి మించి కూర్చోలేరు, ఇది అంతకంటే ఎక్కువే పడుతుంది. రెండు, అసలు కారణం, పేరుని ఎలా ఎగతాళి చేయవచ్చో కథలో సగం దాకా వివరంగా ఉంటుంది, ఆ ఆలోచనే రాని పిల్లలకి మనం ముందు అది చూపించి తర్వాత తప్పని చెబుతున్నట్టు అవుతుంది. నెల తర్వాత, పిల్లలు ఒకరికొకరు తెలిశాక, ఎవరో ఒకరు ఎవరి పేరునో వంకర తిప్పిన రోజున తీసి చదవండి, అప్పుడు దీని విలువ తెలుస్తుంది. అదీగాక మొదటి వారం పేర్ల కోసం పుస్తకమే అక్కర్లేదు, బ్రౌన్ బేర్ వరసలోనే జంతువుల బదులు పిల్లల పేర్లు పెట్టి గుండ్రంగా కూర్చుని పాడితే సరిపోతుంది.

'నో, డేవిడ్!' మీద టీచర్లు రెండు జట్లుగా విడిపోతారు. డేవిడ్ షానన్, 1998. ఆయన చిన్నప్పుడు తనకి రాయడం వచ్చిన రెండే మాటలతో, వద్దు అన్న మాట, తన పేరు, ఒక పుస్తకం చేసుకున్నాడట, పెద్దయ్యాక దాన్నే మళ్ళీ చేశాడు. పేజీకి రెండు మూడు మాటలు, ప్రతి పేజీలో ఒక అల్లరి. క్లాసు నియమాలు చెప్పడానికి దీన్ని మొదటి రోజే చదివేవాళ్ళు ఉన్నారు. నేను గురువారం దాకా ఆగుతాను, ఎందుకంటే దీనికి వచ్చే నవ్వులు, కేకలు అదుపులోకి తేవాలంటే ముందు పిల్లలకీ నాకూ మధ్య ఒక ఒప్పందం ఉండాలి, నేను చేయి ఎత్తితే నిశ్శబ్దం అని. డేవిడ్ బట్టల్లేకుండా వీధిలో పరుగెత్తే పేజీ దగ్గర రెండు నిమిషాలు ఎవరూ ఏమీ వినరు, ఆ రెండు నిమిషాలు ముందే లెక్కలో పెట్టుకోండి. చివర్లో అమ్మ దగ్గరికి తీసుకునే పేజీని మాత్రం తొందరగా తిప్పేయకండి, అల్లరి చేసినా నువ్వంటే ఇష్టమే అన్న మాట వినాల్సిన పిల్ల ప్రతి క్లాసులోనూ ఉంటుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 'ఫస్ట్ డే జిట్టర్స్' జాబితాల్లో తరచూ కనిపిస్తుంది, బడికి రానని దుప్పటి ముసుగేసుకున్నది ఎవరో చివరి పేజీలో తెలిసే తమాషా మొత్తం పెద్ద పిల్లలకే అందుతుంది, నా ఐదేళ్ళవాళ్ళు మొదటిసారి తెల్లముఖం వేశారు, రెండోసారి చదివితే కొందరికి అర్థమైంది. 'వెంబర్లీ వరీడ్' అందమైన పుస్తకం, అన్నిటికీ దిగులుపడే పిల్ల మీ ఇంట్లో ఉంటే బడి తెరిచే ముందు వారం ఇంట్లో చదవండి, క్లాసంతటికీ కాదు. 'వీ డోంట్ ఈట్ అవర్ క్లాస్‌మేట్స్' అని 2018లో వచ్చినది, బడికి వచ్చిన డైనోసార్ పిల్ల తోటి పిల్లల్ని మింగేసే కథ, పిల్లలు కడుపుబ్బ నవ్వుతారు. కొరికే అలవాటున్న పిల్ల క్లాసులో ఉందేమో చూసుకుని చదవండి, నవ్వంతా ఆ పిల్ల మీదికి మళ్ళితే బాగుండదు. ఇక బడికి వెళ్ళే పిల్ల మంచి పిల్ల, వరసలో నిలబడాలి, పంచుకోవాలి, టీచర్ మాట వినాలి అని పేజీకో నీతి పెట్టి అచ్చువేసే పుస్తకాలు గుట్టలుగా దొరుకుతాయి, వాటి పేర్లు చెప్పను, ఒకటి చదివితే అన్నీ చదివినట్టే. పిల్లలు మర్యాదగా కూర్చుని వింటారు, మళ్ళీ చదవమని ఒక్కరూ అడగరు.

శుక్రవారానికి మారిస్ సెండాక్ 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్', 1963 నాటిది. అల్లరి చేసినందుకు భోజనం పెట్టకుండా గదిలోకి పంపేసిన మ్యాక్స్ అనే బాబు రాక్షసులు ఉండే చోటుకి వెళ్ళి, వాళ్ళకి రాజై, తిరిగొచ్చే కథ. కథ ముందుకెళ్ళేకొద్దీ బొమ్మలు పెరుగుతూ పేజీలోని తెల్లటి అంచుని తినేస్తాయి, మధ్యలో మూడు పెద్ద బొమ్మలకి ఒక్క మాట కూడా ఉండదు, రెండేసి పేజీల నిండా రాక్షసుల గంతులు. అక్కడ నేను పుస్తకం స్టాండు మీద పెట్టేసి పిల్లల్ని లేవమంటాను. వారమంతా కూర్చోండి, నిశ్శబ్దం, చేతులు ఒళ్ళో పెట్టుకోండి అని విన్న పిల్లలు అరిచి గంతులేస్తారు, పేజీ తిప్పి నేను ఆగమనగానే మ్యాక్స్ మాట విన్న రాక్షసుల్లా ఆగిపోతారు. ఆ ఆగడం మొదటి రోజైతే జరిగేది కాదు. భయపడతారేమో అని అమ్మానాన్నలు అడుగుతుంటారు. ఒకరిద్దరు నా పక్కకి జరిగి కూర్చుంటారు, లేవమనను. చివర్లో మ్యాక్స్ గదిలో భోజనం వేడిగా ఉండటం విని వాళ్ళే ముందు ఊపిరి వదులుతారు.

చదివేటప్పుడు ప్రశ్నలు అడగాలా అన్నది ఇంకో పెద్ద చర్చ. 1988లో వైట్‌హర్స్ట్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్ళు వేసిన అధ్యయనం తర్వాత, పిల్లల్ని అడుగుతూ, వాళ్ళు చెప్పినదాన్ని ఇంకాస్త పెంచి చెబుతూ చదవడం మంచిదన్నది బాగా ప్రచారమైంది, నేనూ నమ్ముతాను, ఏడాదంతా చేస్తాను. కానీ వాళ్ళు చూసింది రెండు మూడేళ్ళ పిల్లలు ఇంట్లో అమ్మానాన్నలతో చదవడం. పాతికమంది కొత్త పిల్లల్ని మీ ఇంట్లో పిల్లి ఉందా అని అడిగి చూడండి, పదిహేను నిమిషాలు పిల్లుల కథలే, పుస్తకం ఎక్కడ ఆగిందో మీకే గుర్తుండదు. మొదటి వారం పుస్తకానికి ఒక్క ప్రశ్న చాలు, అదీ వేలితో చూపించి జవాబు చెప్పగలిగేది.

మీ పిల్లల ఇంటి భాషలో ఈ పుస్తకాలు దొరక్కపోతే నోటితో మార్చి చెప్పడానికి వెనకాడకండి. ముందురోజు రాత్రి రెండుసార్లు పైకి చదువుకుని, మళ్ళీ మళ్ళీ వచ్చే మాటని మాత్రం ఒకేలా ఖాయం చేసుకోండి, ఒక పేజీలో ఒకలా, ఇంకో పేజీలో ఇంకోలా చెబితే పిల్లలు గొంతు కలపలేరు. ఔల్ బేబీస్‌లో బిల్ మాటకి నేను 'నాకు అమ్మ కావాలి' అని పెట్టుకున్నాను, ఏళ్ళయినా ఒక్క అక్షరం మార్చలేదు.

బొమ్మల పుస్తకం మామూలుగా 32 పేజీలుంటుంది, చదవడానికి పది నిమిషాల లోపే, కాబట్టి రోజుకి ఒక కొత్తది, ఒక పాతది పెట్టుకోవచ్చు. అంటే వారానికి ఐదు పుస్తకాలు చాలు, పది పదిహేను కొని పేర్చుకుని టెన్షన్ పడాల్సిన పని లేదు. చదవడం అయ్యాక పుస్తకాన్ని మీ బల్ల మీద పెట్టుకోకండి, పిల్లల చేతికి అందే కింది అరలో, అట్ట ఇటు కనిపించేలా నిలబెట్టండి. పోయినేడు నాలుగు రోజులు ఒక్క మాట మాట్లాడని పాప శుక్రవారం మధ్యాహ్నం ఆ అర దగ్గర బ్రౌన్ బేర్ తలకిందులుగా పట్టుకుని, పక్కన కూర్చున్న బాబుకి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించింది, నేను పేజీ తిప్పే ముందు ఎక్కడ ఆగుతానో సరిగ్గా అక్కడ ఆగుతూ.